పట్టికలో దొరకని ఊరు

కోపం నాకు ముక్కు మీదే ఉంటుంది. టెక్కలిలో నేను పాఠం చెప్పే కాలేజీలో ఈ సంగతి అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. అందుకే బి.ఏ. పిల్లలకు డేటా విశ్లేషణ అనే కొత్త పేపరు వచ్చినప్పుడు, దాన్ని నా నెత్తిన పెట్టే ముందు ప్రిన్సిపాల్ గారు నాకు టీ తెప్పించారు. "మీరైతేనే న్యాయం చేస్తారు మేడమ్" అన్నారు. ఇంకెవరూ ఒప్పుకోలేదని దాని అర్థం. పాతికేళ్ళుగా ఎకనామిక్సు చెబుతున్నాను, డిమాండు గీత కళ్ళు మూసుకుని గీస్తాను. కానీ కంప్యూటరు ముందు కూర్చుంటే బాణం గుర్తు ఎటు పోయిందో వెతుక్కునే బాపతు నేను.

ఆ వేసవి సెలవులన్నీ పలాసలో మా వీధి చివరనున్న కంప్యూటర్ సెంటరుకే పోయాయి. నాకు నేర్పినమ్మాయి ఒకప్పుడు నా క్లాసులో చదివిన పిల్లే. "మళ్ళీ తప్పండి మేడమ్, మొదట్నుంచి చెయ్యండి" అని రోజుకి పదిసార్లు అనేది. అప్పట్లో నేను తనని ఎన్నిసార్లు బెంచీ మీద నిలబెట్టానో అన్నీ గుర్తుపెట్టుకుందని నా అనుమానం. ఎలాగైతేనేం, కాలేజీ తెరిచేసరికి గళ్ళలో అంకెలు వేసి, కూడించి, సగటు తీయించేంత వచ్చింది.

పాఠ్యపుస్తకంలో ఉదాహరణలన్నీ ఎక్కడో కార్ల అమ్మకాల గురించి. సైకిలు కూడా లేని పిల్లలకి ఆ కార్ల గొడవెందుకని దాన్ని పక్కన పడేశాను. జనగణన వాళ్ళు పెట్టిన మా జిల్లా పట్టిక దించుకున్నాను. ఊరికో వరస. ఆ వరసలో ఎన్ని గృహాలు, ఎంతమంది మనుషులు, ఎంతమంది చదువుకున్నారు, ఎవరేం పని చేస్తారు, అన్నీ ఉంటాయి. మొదటి క్లాసులో నేను చెప్పింది ఒక్క ముక్కే. "ఎవరి ఊరు వాళ్ళు వెతుక్కోండి."

ల్యాబులో ఎనిమిది కంప్యూటర్లుంటే పనిచేసేవి ఐదు. ఒక్కోదాని ముందు ఆరుగురేసి మూగారు. నిమిషం గడిచిందో లేదో గోల మొదలైంది. "ఓలమ్మో, మా జలంత్రకోట!" అని ఒక పిల్ల, బస్టాండులో పిన్నమ్మ కనబడ్డట్టు కేక పెట్టింది. కోటబొమ్మాళి కుర్రాళ్ళు తమ వరసని పసుపు రంగుతో నింపేసి ఫోనులో ఫొటో తీసుకున్నారు. మూలపేట పిల్ల "పోర్టు కట్టకముందు మేం ఇంతమందిమా" అని ముక్కున వేలేసుకుంది. పాతికేళ్ళలో నా క్లాసులో ఇంత ఆనందం నేను చూడలేదు. డిమాండు గీతని చూసి ఎవరూ ఫొటో తీసుకోలేదు మరి.

అందరికంటే ఎక్కువ మురిసిపోయింది ఉద్దానం నుంచి వచ్చే ఒకమ్మాయి. వాళ్ళకి కొబ్బరితోట ఉంది, కొంచెం వరి ఉంది, గొంతు కూడా దండిగా ఉంది. "సుట్టుపక్కల మా ఊరంత ఊరు నేదు, సూడండి" అని ప్రతి కంప్యూటర్ దగ్గరికీ వెళ్ళి తమ వరస చూపించి వచ్చింది. ఈమెని కొబ్బరితోట పిల్ల అందాం.

రెండో కంప్యూటర్ దగ్గర ఒకమ్మాయి మాత్రం ఉలుకూ పలుకూ లేకుండా కూర్చుంది. సముద్రం మీద బతికే ఇంటి పిల్ల. జీడితోటలు దాటి ఇసక దిబ్బలు దిగాక వస్తుంది వాళ్ళ ఊరు. లెక్కల్లో ఆ క్లాసు మొత్తానికీ చురుకైంది. నేను బోర్డు మీద శాతం కట్టేలోగా నోటితో చెప్పేసేది.

"మా ఊరు నేదు మేడమ్" అంది.

"స్పెల్లింగు సరిగ్గా కొట్టు."

"నాలుగు రకాలుగా కొట్టినాను."

"అయితే ఐదో రకం కొట్టు" అన్నాను. చెప్పాను కదా, నా కోపం సంగతి.

ఐదో రకం కూడా కొట్టింది. లేదు. అప్పుడు లేచి వెళ్ళి చూశాను, చూశాక సంగతి అర్థమై సిగ్గేసింది. పట్టికలో వరసలు రెవెన్యూ గ్రామాలకే ఉంటాయి. ఒక రెవెన్యూ గ్రామం కింద నాలుగు చిన్న ఊళ్ళుంటే, ఆ నాలుగింటి మనుషులూ ఆ ఒక్క పేరు కిందే పడతారు. వాళ్ళ ఊరు ఎవరి పేరు కింద పడిందా అని చూస్తే కొబ్బరితోట పిల్ల ఊరి కింద తేలింది. ఆ మాట పైకి చెప్పాను. కొబ్బరితోట పిల్ల వెంటనే అందుకుంది. "అయితే మీరంతా మా ఊళ్ళోవోళ్ళేనే!" అంది. మంచి మనసుతోనే అంది గానీ, వినేవాళ్ళకి అలా వినబడలేదు.

మర్నాడు పొద్దున్న సముద్రపు పిల్ల ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది. పేపరు మార్చుకునే ఫారం. డేటా విశ్లేషణ బదులు టూరిజం తీసుకుంటుందట. నా సంతకం పడితే చాలు.

"ఏమైందే నీకు?"

"మా ఊరు నేని లెక్క నాకెందుకండి?"

కోపం రావలసిన చోట నాకు భయం వేసింది. ఆ పిల్ల వెళ్ళిపోతే క్లాసులో లెక్క తెలిసినవాళ్ళలో నేనే మొదటిదాన్నవుతాను, అది మంచి పరిస్థితి కాదు. అంతకంటే, తను అన్నది నిజం. ఆమె బతుకుతున్న ఊరిని ఐదు రకాలుగా వెతికించి, లేదనిపించింది నేనే. నెలాఖరు దాకా పేపరు మార్చుకోవచ్చు. మధ్యలో మూడు ఆదివారాలున్నాయి.

"ఒక పని చేద్దాం" అన్నాను. "ఫారం నా దగ్గరుంచు. ఈ మూడు ఆదివారాల్లో మీ ఊరి వరస నువ్వే తయారు చెయ్యి, జనగణన వాళ్ళు చేసినట్టే, ఇంటింటికీ వెళ్ళి. లెక్క సరిపోతే ఫారం చింపేద్దాం. సరిపోకపోతే సంతకం పెట్టేస్తాను, వెళ్ళిపో."

"సరిపోయిందని ఎవలు సెప్తారు? మీరా?"

"నువ్వే చెప్పు, ఎవరు చెప్పాలో."

"మా తాత" అంది ఆలోచించకుండా. సొంత తాత కాదు, ఊరి పెద్ద. ఊళ్ళో పిల్లలందరికీ ఆయన తాతే. ఆయన సరే అంటేనే సరిపోయినట్టు. నేను ఒప్పుకున్నాను.

రాసుకోవడానికి తోడు కావాలి కదా అని కొబ్బరితోట పిల్లని జత చేశాను. ఇద్దరూ మొహాలు ముడుచుకున్నారు. రెండు ఊళ్ళ మధ్య రెండు కిలోమీటర్ల ఇసక దారి. కొబ్బరితోట పిల్ల పుట్టాక ఆ దారిలో ఒక్కసారి కూడా అటు వెళ్ళలేదట. "సేపలు మా ఇంటికే వచ్చేత్తాయి కదండి, నానెందుకెల్తాను?" అంది.

మొదటి ఆదివారం పలాసలో ఆటో ఎక్కి నేనూ వెళ్ళాను. సముద్రపు పిల్ల అడుగుతుంది, కొబ్బరితోట పిల్ల కాగితం మీద రాసుకుంటుంది, తర్వాత కాలేజీ ల్యాప్‌టాపులో ఎక్కిస్తుంది. జనగణనలో గృహం అంటే గోడలు కావు, ఒకే వంట తినేవాళ్ళు. ఒక ఇంట్లో రెండు పొయ్యిలుంటే రెండు గృహాలు. ఈ సంగతి బోర్డు మీద అరగంట చెప్పి వచ్చాను. ఆ ఊళ్ళో చెప్పాల్సిన పనే లేకపోయింది. మొదటి ఇంటి దగ్గరే ఒకావిడ "ఎన్ని పొయ్యిలని కదా అడుగుతన్నారు?" అని తనే అంది.

పొయ్యి లెక్క తేలికని ఎవరూ అనుకోవద్దు. ఒక ఇంట్లో అత్తా కోడలూ ఇద్దరూ గుమ్మంలోకి వచ్చి చెరో మాటా చెప్పారు. "ఇయ్యాల పొద్దున్నే పొయ్యి ఏరు పెట్టీసినాను, రెండని రాయండి" అంది కోడలు. "సాయంత్రానికి కూర నేక ఇటే వత్తాది, ఒకటే రాయండి" అంది అత్త. మా పిల్లలిద్దరూ నా మొహం చూశారు. జనగణన సూచనల పుస్తకంలో ఈ సందర్భానికి ఏమీ రాసిలేదు. "వచ్చే ఆదివారం వచ్చి అడుగుదాం" అన్నాను. వచ్చే ఆదివారం వెళ్ళేసరికి ఇద్దరూ ఒకే చాటలో బియ్యం ఏరుతున్నారు. ఒకటని రాసుకున్నాం.

రెండో ఆదివారానికి పిల్లలిద్దరి మధ్యా ముడి విడిపోయింది. కొబ్బరితోట పిల్లకి ఆ ఊళ్ళో ఆరుగురు పిన్నులూ, అప్పలని పిలిచే అక్కలు ముగ్గురూ తయారయ్యారు. "ఒలే, నీకు ఈత వచ్చా?" అని ఒకర్ని, "వల అల్లడం నాకు సూపించవే" అని ఇంకొకర్ని అడుగుతూ, రాయాల్సింది మర్చిపోయేది. సముద్రపు పిల్ల చేతిలో కలంతో ఆమె మోచేతి మీద ఒక్కటి పొడిచేది. నేను బోర్లించిన తెప్ప మీద కూర్చుని, ఎండిన చేపల వాసన పీలుస్తూ, ఇంత సుఖమైన ఉద్యోగం ఎవరికుంటుందని మురిసిపోయాను.

మూడో ఆదివారం మధ్యాహ్నానికి ఆఖరి ఇల్లు అయిపోయింది. మర్నాడే నెలాఖరు. ఊరి పెద్ద అప్పటికే వేపచెట్టు నీడలో వచ్చి కూర్చున్నాడు. సన్నటి మనిషి, నల్లగా మెరిసే వీపు, చెవికి చిన్న పోగు. ఊరు ఊరంతా ఆయన వెనక చేరింది. కొబ్బరితోట పిల్ల ల్యాప్‌టాపు తెరిచింది. పొయ్యికో గడి చొప్పున వరస సంఖ్యలున్న నిలువు వరసకి కింద నేను నేర్పిన సూత్రం వేసి, మీట నొక్కి, గృహాల మొత్తం గట్టిగా చదివింది.

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "ఒకటి తగ్గింది."

"ఎలా తగ్గుతుంది తాతా? మేం ఒక్క గుమ్మం కూడా ఒదల్లేదు" అంది సముద్రపు పిల్ల.

ఆయన ఒడిలోంచి ఒక రేకు డబ్బా తీశాడు. మూత తీసి చూపించాడు. విరిగిన దువ్వెన పన్ను, గాజు ముక్క, చొక్కా గుండీ, గవ్వ, తుప్పు పట్టిన తాళంచెవి, వల బెండు. ఒకటి ఉన్నట్టు ఇంకొకటి లేదు. వాళ్ళు గుర్తులంటారు వాటిని. గంగమ్మ పండగనాడు ఊరంతా కలిసి ఒకే పెద్ద వల లాగుతారు. ఆ రోజు పడ్డ చేప అమ్మరు. ఇసక మీద పొయ్యికో పోగు పోస్తారు. ఏ పోగు ఎవరిదో తగువు రాకుండా పెద్దాయన డబ్బాలోంచి చూడకుండా ఒక్కో గుర్తూ తీసి ఒక్కో పోగు మీద వేస్తాడు. ఎవరి గుర్తు పడిన పోగు వాళ్ళు తీసుకుంటారు. కొత్తగా పొయ్యి వేరు పెట్టినవాళ్ళు మొదట చేసే పని ఒక గుర్తు తెచ్చి ఆయన చేతిలో పెట్టడం. మగాళ్ళు చేపల వేటకి గుజరాత్ వెళ్ళిపోయినా పొయ్యి వెలుగుతుంటే పోగు పడాల్సిందే. నేను అరగంట బోర్డు మీద చెప్పిన పాఠం ఆయన ఒడిలో, రేకు డబ్బాలో ఉంది.

అంత చూశాక కూడా నా నోరు ఊరుకోలేదు. "ఆ ఒక్కటీ అమ్మవారి వాటా అయ్యుంటుంది బాబూ. మీ డబ్బాలోనే ఒకటి ఎక్కువ పడి ఉంటుంది" అన్నాను.

"అమ్మోరికి పోగేటి పంతులమ్మా? సముద్రమే ఆవిడిది కదా" అన్నాడాయన. వెనకాల ఆడవాళ్ళంతా నవ్వారు. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

సముద్రపు పిల్ల మాత్రం నవ్వలేదు. డబ్బా తీసుకుని ఇసక మీద గుర్తులన్నీ వరసగా పేర్చింది. "కాగితం సదవండి మేడమ్" అంది. నేను కాగితం మీదున్న ఇంటి పేరూ పెద్ద పేరూ చదువుతుంటే, పెద్దాయన ఆ ఇంటి గుర్తు చూపిస్తుంటే, ఆమె తీసి డబ్బాలో వేసేది. గవ్వ వెళ్ళింది, గుండీ వెళ్ళింది, తాళంచెవి వెళ్ళింది. అరగంటకి కాగితం అయిపోయింది. ఇసక మీద గుర్తులూ అయిపోయాయి. ఒక్కటీ మిగల్లేదు, ఒక్కటీ తగ్గలేదు. అంటే మేం ఏ ఇల్లూ వదలలేదు. కానీ కంప్యూటర్ మాత్రం ఒకటి తక్కువే చెబుతోంది. మళ్ళీ నొక్కాం, మళ్ళీ అంతే.

ఆ పిల్ల కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "సూడండి మేడమ్, మేము దగ్గరుండి లెక్కెట్టుకున్నా మమ్మల్ని తగ్గించే సెప్తంది" అంది. నా సంచిలో ఆ ఫారం ఉంది. మర్నాడు దాని మీద సంతకం పెట్టాలి. ఆ ల్యాప్‌టాపుని ఎత్తి సముద్రంలో పడేద్దామన్నంత కోపం వచ్చింది. అది కాలేజీది కాబట్టి ఆగాను.

ఆగి, ఒళ్ళో పెట్టుకుని, మొదటి గడి దగ్గర్నుంచి వేలు పెట్టి చూసుకుంటూ దిగాను. ఒకసారి చూశాను, తప్పు కనబడలేదు. రెండోసారి పైకి చదివాను. "లాభం, రెండు, మూడు, నాలుగు..." అంటుంటే నా నాలుక ఆగిపోయింది. మళ్ళీ పైకి వెళ్ళి చూశాను. వరస సంఖ్యల్లో మొదటి గడిలో ఒకటి అంకె లేదు. ఇంగ్లీషు అక్షరాల్లో లాభం అని కొట్టి ఉంది.

"ఇదేంటే?" అన్నాను.

కొబ్బరితోట పిల్లకి నేను ఎందుకు అడుగుతున్నానో కూడా అర్థం కాలేదు. "మొదటిది కదండి" అంది. "మొదటిదాన్ని ఒకటంటే మా నాన్న ఊరుకోడు. కుంచంతో దాన్యం కొలిసినా, కాయలెంచినా లాభం, రెండు, మూడు. మంచి పనికి బోణీ కదా అని అలాగే కొట్టీసినాను."

నేను నేర్పిన సూత్రం అంకెలున్న గళ్ళనే లెక్కపెడుతుంది. అక్షరాలున్న గడిని ఖాళీగానే చూస్తుంది. ఆఖరి గడిలో అంకె చూసినా సంగతి తెలిసిపోయేది, సూత్రం మీద నమ్మకంతో ఎవరమూ అటు చూడలేదు. అక్షరాలున్నా లెక్కపెట్టే సూత్రం ఇంకొకటుంది, అది నేను నేర్పలేదు, ఎందుకంటే నాకే సరిగ్గా రాదు. అసలు విచిత్రం ఇంకొకటుంది. ఆ మూడు వారాల్లో ఆ గడి నేను పదిసార్లు చూశాను. ఒక్కసారీ తప్పనిపించలేదు. మా అమ్మ బియ్యం కొలిచేటప్పుడూ లాభం అనే మొదలుపెట్టేది. నా కళ్ళు ఆ మాటని ఒకటి అనే చదువుకుని కిందికి దిగిపోయాయి.

"ఎవలిదా మొదటి ఇల్లు?" అన్నాడు పెద్దాయన.

వరస చివరిదాకా చూసి చెప్పాను. "మీదే బాబూ." మొదటి ఆదివారం మర్యాదగా ఆయన గుమ్మంతోనే మొదలుపెట్టాం.

అందరికంటే ముందు పెద్దాయనే పగలబడి నవ్వాడు. "నన్నే తీసీసినావేటే అమ్మీ! ఊరంతటినీ ఉంచీసి నన్నొక్కడినీ తీసీసినావా!" అని కొబ్బరితోట పిల్ల నెత్తి మీద మెల్లగా మొట్టాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఆయన వెనకనుంచి ఎవరో "మొదటి గంపని మేవూ లాభవే అంటాము కదా తాతా, గుంటది తప్పేటి సేసింది?" అని వెనకేసుకొచ్చారు. సముద్రపు పిల్ల ఏడుస్తూనే నవ్వేసింది. ఆ గడిలో ఒకటి కొట్టి మీట నొక్కాం. గుర్తులెన్నో గృహాలన్ని. ఫారం నేను సంచిలోంచి తీసేలోగా తనే లాక్కుని నాలుగు ముక్కలు చేసింది. జీతం పెరిగిన రోజు కూడా నాకంత సంతోషం కలగలేదు.

ఇంక అక్కడితో అయిపోయిందనుకున్నాను. ఆటో ఎక్కబోతుంటే సముద్రపు పిల్ల కొబ్బరితోట పిల్లని చూపిస్తూ అడిగింది. "మేడమ్, పట్టికలో ఆల ఊరి వరసలోంచి మా వరస తీసేస్తే ఆల ఊరొక్కటీ ఎంతో తెలుస్తాది కదా?"

"తీయకూడదు" అన్నాను. "ఆ పట్టిక పాతది, నీ లెక్క ఇవాళ్టిది. అప్పుడు లేని పొయ్యిలు ఇప్పుడున్నాయి."

ఆమె గిరుక్కున తిరిగి వెళ్ళి పెద్దాయన ముందు మళ్ళీ గుర్తులు పోసింది. కిందటిసారి లెక్కవాళ్ళు వచ్చినప్పుడు ఏవి లేవో చెప్పమంది. ఆయన కాసేపు చూశాడు. "అప్పటికి నా పెద్దోడు ఇంకా మాతోనే తింటన్నాడు" అని గవ్వని పక్కకి జరిపాడు. అక్కడినుంచి ఒక్కొక్కటే పెళ్ళిళ్ళూ తగువులూ గుర్తు చేసుకుంటూ కొన్ని పక్కకి తీశాడు. తర్వాత నడుముకున్న చిన్న మూట విప్పాడు. అందులో ఉన్నవి ఆరిపోయిన పొయ్యిల గుర్తులు. వాటిని ఆయన పారేయలేదు. అప్పటికి వెలుగుతున్నవాటిని ఏరి, చేత్తో ఒకసారి తుడిచి, వరసలో కలిపాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తప్పు చెబితే దిద్దారు. ఇలాంటి దత్తాంశ సేకరణ గురించి ఏ పుస్తకమూ రాయలేదు.

సోమవారం ల్యాబులో సముద్రపు పిల్ల పట్టికకి అడుగున ఒక కొత్త వరస చేర్చి, తన ఊరి పేరు కొట్టింది. స్పెల్లింగు తనిష్టం. పెద్దాయన ఏరిచ్చిన ఆ పాత గృహాల సంఖ్య అందులో వేసింది. క్లాసంతా వెనక మూగింది. కొబ్బరితోట పిల్ల తనే కుర్చీ లాక్కుని కూర్చుని తమ ఊరి గృహాల్లోంచి ఆ సంఖ్య తీసేసింది.

తీసేసి, తెర వంక చూస్తూ ఉండిపోయింది. మిగిలింది సగం కంటే తక్కువ. చుట్టుపక్కల ఊళ్ళన్నిటితో పోలిస్తే వాళ్ళదే చిన్న ఊరు.

గలగలా మాట్లాడే ఆ పిల్ల గొంతు తగ్గిపోయింది. "ఒలే, ఇన్నాళ్ళూ మిమ్మల్ని కలుపుకుని మా ఊరు పెద్దదని సెప్పుకు తిరిగినానే" అంది. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

సముద్రపు పిల్ల ఆమె పక్కన కుర్చీలో ఇరుక్కుని కూర్చుంది. "దానికేటే?" అంది. "కావాలంటే మళ్ళీ కలిపీసుకో. మేమెంతమందిమో ఇప్పుడు తెలిసిపోనాది కదా."